వదిన బతికుండంగనే వచ్చిన చీర

ఏంది బిడ్డా ప్రవళికా, మళ్ల మెడ తడుముకుంటున్నవ్? ఆపరేషనైంది, కుట్లు మానినయి. క్యాన్సరన్న మాట వట్టుకొని అన్నం మానితె ఎట్ల? కూసో జర, మా వదిన ముచ్చట చెప్త. మా అన్న పెండ్లాం, పోశవ్వ. ఆమెకు గూడ గిదే, మెడల శెనగ గింజంత గడ్డ. కరీంనగర్ల కోసిండ్రు, పరీక్షకు పంపితె క్యాన్సరే అన్నరు. గప్పుడు ఫోన్లేడియి, ఊరికొక్కటి. ఆమె తమ్ముడు మల్లన్న సుల్తానాబాద్ల ఉంటుండె. ఎవలో పోయి 'మీ అక్కకు క్యాన్సరట' అన్నరు. గంతే, మిగిలింది ఇనలే ఆయన, అక్క పోయిందనే అనుకున్నడు. ఆడమనిషి పోతె తల్లిగారింటోళ్లు చీర తెచ్చి కప్పాలె గదా, ఆలస్యమైతె మాట వడ్తదని చీర కొనుక్కొని బస్సెక్కిండు. 'అక్కా' అని ఏడ్సుకుంట వాకిట్లకు వచ్చిండు. వదినేమో మంచంల కూసొని చిక్కుడుకాయలు ఒలుస్తున్నది. మా అన్నయితె కొట్టవోయిండు. వదిన చీర గుంజుకొని కొంగు పిసికి చూసింది. 'గింత పల్చటిదా తమ్మీ? సచ్చినదానికేం తెలుస్తదనుకున్నవా?' అన్నది. ఏడ్సెటోళ్లం నవ్వినం. గా చీరనే కట్టుకొని వేములవాడకు పోయొచ్చింది.

నవ్వింది గని, భయపడ్డది బిడ్డా. డాక్టర్ సారును నిలదీసింది, నేను పక్కకే ఉన్న. 'మళ్ల వస్తదా సారూ?' 'చిన్నగున్నప్పుడే దొరికిందమ్మా, పక్కకు పాకలే, మొత్తం తీసేసినం. నూటికి ఏ నలుగురికో వస్తె వస్తది.' 'గా నలుగుట్ల నేనుంటె?' 'అందుకే ఏడాదికోసారి రమ్మంటున్న' అన్నడు. పోయింది మరి, ఒక్క ఏడు తప్పలే. పోయేముందు ముద్ద దిగకపోయేది. వచ్చినంక రెండు పూటల బువ్వ ఒక్కసారే తినేది. ఆఖరికి ముసల్తనంల నిద్రల పోయింది, మెడతోని కాదు.

నీది గూడ గట్లనేనా అంటవా? సారే ఖాయంగ చెప్పలేంది నాకేమెరుక. గని ఒకటి ఇను. నువ్వు పుట్టినప్పుడు నిన్ను కాళ్ల మీద ఏసుకొని తానం పోసింది ఆమెనే. తెల్లారి పరీక్షకు కరీంనగర్ పోవుడుండె, పొద్దటిసంది ఏం తినలే. నిన్ను కడుగుకుంట 'దీని నడక చూస్తనా అంతయ్యా?' అని నన్ను అడిగింది. నువ్వు నడిచినవ్, బడికి పోయినవ్, నీకు జడలేసి తోలింది గూడ ఆమెనే.

ఊఁ... లే బిడ్డా, బువ్వ తిందాం పా.