అమ్మ బీరువా

అమ్మ పోయాక ఆమె గది తాళం తీసింది అక్కే. బీరువా తలుపు ఊడి చేతికొచ్చింది. మర్నాడు దాని ముందు తమ్ముణ్ణి నిలబెట్టి అడుగుతోంది.

"కళ్ళు తెరిచి చూడరా. స్క్రూతో పాటు పొడి రాలుతోంది. టేకు ఎక్కడైనా ఇలా రాలుతుందా?"

"పాతదైపోయింది కదక్కా..."

"నోర్ముయ్. పైన కాగితమంత టేకు పొర. లోపలంతా రంపంపొట్టుకి జిగురు కలిపి నొక్కిన బోర్డు. ఈ అంచు చూడు, పైనున్న చెక్క చార పక్కకి తిరక్కుండా ఠక్కున ఆగిపోయింది. అసలు చెక్కయితే ఆగుతుందా?"

"అబ్బో, బాగానే నేర్చుకున్నావ్."

"నిన్న ఫర్నిచర్ కొట్టుకెళ్ళి మరీ కనుక్కున్నా. వాళ్ళు దాన్ని ఇంజినీర్డ్ వుడ్ అంటారు. నేను మోసం అంటాను. అమ్మ టేకు బీరువా ఏదిరా?"

"ఇదే."

"పళ్ళు రాలగొడతా! నాకిస్తానని అమ్మ తన నోటితో అంది. ఎవరికి అమ్ముకున్నావ్?"

"అమ్మలేదు."

"మరి రెక్కలొచ్చి ఎగిరిపోయిందా? మీ ఆవిడ సలహానేనా?"

"తననెందుకు లాగుతావ్? అమ్మకి తెలుసు. వదిలెయ్."

"పోయిన మనిషి మీదకి నెట్టేస్తున్నావా? సిగ్గులేదూ!"

"ఒట్టు వేయించుకుంది. నన్నడక్కు."

"అడక్కపోయినా నీ బుద్ధి తెలుసు. నేను మొగుణ్ణొదిలేసి పిల్లతో అద్దెగదిలో నేలమీద పడుకుంటే, తోడబుట్టినవాడివి ఏం పంపావ్? తెల్ల మైకా అంటించిన బోర్డు మంచం!"

"మంచిదిస్తే తీసుకునేదానివా? అమ్మ పంపిన చీరే గుమ్మంలోంచే తిప్పి పంపేశావ్."

"అందుకని అట్టముక్కలిస్తావా? బోర్డులో స్క్రూ ఒక్కసారే పట్టుకుంటుందట. విప్పి మళ్ళీ బిగిస్తే నిలవదట. ఇల్లు మారినప్పుడల్లా నేనే విప్పాను, నేనే బిగించాను. ఊడిపోతే పారేద్దామంటే, ఆ దిక్కుమాలింది ఊడనూ లేదు!"

"ఒక్కసారి కూడా వదులవలేదు కదా?"

"మాట మార్చకు. పొద్దున్నే వదిలించుకున్నాలే."

"అంటే?"

"పాతసామాన్లవాడికిచ్చేశా. కట్టెలకింద కొట్టుకుంటానని బండెక్కించుకుపోయాడు."

"ఎటు పోయాడు? చెప్పక్కా, ఎటు?"

"ఏమో! నువ్విచ్చిన అట్టముక్కల కోసం ఇప్పుడీ పరుగేంట్రా?"

"'టేకు మంచమంటే తిప్పి పంపేస్తుంది, పైన మైకా అంటించి బోర్డని చెప్పరా' అంది అమ్మ. నువ్వొచ్చినప్పుడు బీరువా ఏదని అడక్కుండా తన గదిలో ఈ బోర్డుది పెట్టించుకుంది. ఇన్నేళ్ళూ నువ్వు పడుకున్నది అమ్మ బీరువా మీదేనక్కా."