కుర్చీ మారినా ఆగని బొమ్మ

అందరికీ నమస్కారం. పని మానుకుని వచ్చినవాళ్లున్నారు. దూరం నుంచి బస్సులు మారి వచ్చినవాళ్లున్నారు. కుర్చీలు చాలక గోడవారగా నిలబడ్డవాళ్లున్నారు. మా తమ్ముడి కోసం ఇంతమంది వస్తారని మా ఇంట్లో ఎవరమూ అనుకోలేదు. నాకు మైకు అలవాటు లేదు, గొంతు కూడా చిన్నది. వినపడకపోతే వెనకనుంచి చెయ్యెత్తండి, మళ్లీ చెబుతాను.

మీరందరూ వాణ్ణి మాస్టారు అని పిలిచారు. నాకు తోడబుట్టినవాడు, నాకన్నా చిన్నవాడు. నేను ‘వాడు’ అనే అంటాను. ఏమీ అనుకోకండి.

కిందటి గురువారం పొద్దున ఆఫీసుకి బయలుదేరి, చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో కూలబడ్డాడు. అంతే. ఎక్కువసేపు బాధపెట్టకుండా తీసుకెళ్లాడు దేవుడు. ఆ దయకి దణ్ణం పెట్టుకుంటున్నాను. కానీ అప్పటికి ఒక పని సగంలో ఉంది. పిల్లల ఆసుపత్రిలో కొత్తగా కట్టాల్సిన వార్డుకి ప్లాన్లు. సోమవారం సాయంత్రం లోపల ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ ఖాళీ స్థలాన్ని బళ్లు నిలుపుకోవడానికి ఇచ్చేస్తామని ఆసుపత్రివాళ్లు ముందే చెప్పారు. మాస్టారు పోయారు, ఇక వార్డు కూడా పోయినట్టే అని మా ఇంటి వరండాలోనే ఎవరో అన్నారు. నేను విన్నాను. ఆ మాటకి జవాబు చెప్పాలనే ఈ మైకు ముందుకి వచ్చాను.

వాడి పని తెలియనివాళ్లకి ఒక మాట. కంప్యూటర్ మీద ఇళ్లకీ స్కూళ్లకీ ఆసుపత్రులకీ ప్లాన్లు గీసే గది వాడిది. కాడ్ అంటారు ఆ సాఫ్ట్‌వేర్‌ని. ఆ గదిలో నేనూ ఒకదాన్ని. హైస్కూలుతో చదువాపేసి, పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఇంట్లో తోచక కూర్చున్న నన్ను వాడే లాక్కెళ్లి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

మొదట్లో నేను కుడిచేత్తో మౌసు పట్టుకుని తెర మీద బొమ్మలన్నీ వెతుక్కునేదాన్ని. గీత ఎక్కడుంది, చెరిపేది ఎక్కడుంది అని. ఎడమచెయ్యి ఒళ్లో పడుకునేది. వాడు వెనక నిలబడి చూసి, “అక్కా, వంటింట్లో కూడా ఒంటిచేత్తోనే వండుతావా? ఎడమచేత్తో గిన్నె పట్టుకోవూ?” అన్నాడు. ఎడమచెయ్యి కీబోర్డు మీద ఉండాలన్నాడు. గీతకి ఒక అక్షరం, జరపడానికి ఒక అక్షరం, నకలు తీయడానికి ఇంకోటి. మౌసు చూపిస్తుంది, ఎడమచెయ్యి చెబుతుంది. ఆ అక్షరాలు వేళ్లకి వచ్చేసరికి నా పని సగానికి సగం తేలికైపోయింది.

పొరల సంగతీ అంతే. గోడలు ఒక పొరలో, తలుపులు ఒక పొరలో, నీళ్ల గొట్టాలు ఒక పొరలో, కరెంటు వైర్లు ఒక పొరలో గీయాలి. కావలసినదాన్ని వెలిగించుకుని మిగతావి ఆర్పేసుకోవచ్చు. నాకు అర్థం కాకపోతే, “దుప్పట్లూ తువ్వాళ్లూ పిల్లల బట్టలూ ఒకే అరలో కుక్కుతావా అక్కా?” అన్నాడు. ఇంతకన్నా తేలిగ్గా ఏ పుస్తకం చెబుతుంది?

కంప్యూటర్ ఆన్ చేయగానే నేను కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటాను. అది చూసి నవ్వేవాడు. “దణ్ణం పెట్టుకో అక్కా. సేవ్ కూడా నొక్కు. దేవుడికి మన ఫైళ్లు చూసుకోవడం ఒక్కటే పని కాదుగా!” అనేవాడు. మీరు నవ్వండి, ఫరవాలేదు. వాడున్న గదిలో నవ్వు లేని రోజు లేదు.

నవ్వులు సరే, కొలత దగ్గర మాత్రం వాడికి నవ్వు రాదు. మా గదిలో ఒక పొడుగాయన ఉన్నారు. అదిగో, ఆ స్తంభం పక్కన. నేను చెప్పబోయేది ఆయనకి తెలుసు, ముందే తల వంచుకున్నారు. చెప్పమని ఆయనే నన్ను అడిగారు. ఒక ఇంటి ప్లానులో పది అడుగులుండాల్సిన గది, గీతలో ఒక అంగుళం తక్కువ వచ్చింది. ఆయన గోడని జరపలేదు. కొలత మీద నొక్కి, అక్కడున్న అంకె కొట్టేసి పది అని టైపు చేశారు. కాగితం మీద అంతా బాగానే ఉంది. ప్లాను మేస్త్రీ చేతికి వెళ్లిపోయింది కూడా. మర్నాడు తమ్ముడు ఆ ఫైలు తెరిచి ఆ గదిని మళ్లీ కొలిచాడు. కోప్పడలేదు. “అంకె మారిస్తే గోడ జరుగుతుందా నాయనా?” అన్నాడు. ఆయన చేతనే గోడని సరిగ్గా జరిపించాడు. ఆ కొత్త కాగితం చంకలో పెట్టుకుని తనే పని జరిగే చోటికి వెళ్లి, “పొరపాటు మాది, పాత కాగితం ఇచ్చేయండి” అని అడిగి తెచ్చుకున్నాడు. మాది అన్నాడు. ఫలానా ఆయనది అనలేదు. అంతటి పెద్దరికం నేను మా ఇంట్లో పెద్దవాళ్లలో కూడా అరుదుగా చూశాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ప్రతి బుధవారం మధ్యాహ్నం టీ తాగడం కాగానే, వాడు “లేవండి” అనేవాడు. గీస్తున్న గీత గీస్తున్నట్టే వదిలేసి, అందరం లేచి పక్కవాళ్ల కుర్చీలో కూర్చోవాలి. పక్కవాళ్ల బొమ్మని మనం కొనసాగించాలి. ఒక్క ప్రశ్న అడగకూడదు. అడగాల్సి వచ్చిందా, తప్పు అడిగినవాళ్లది కాదు, గీసినవాళ్లది! సాయంత్రం అందరికీ టీ కలపాల్సింది వాళ్లే. మేము సణుక్కునేవాళ్లం. చిన్నపిల్లల్లా కుర్చీలాట ఏమిటని వేళాకోళం చేసేవాళ్లం. వాడూ లేచేవాడు. వాడి కుర్చీలో మేమూ కూర్చున్నాం. వాడు కలిపిన టీ కూడా తాగాం. బాగుండేది కాదు.

కానీ ఆ ఆట ఏం చేసిందో తెలుసా? మా అలవాట్లన్నీ మార్చేసింది. అంతకుముందు ఫైళ్లకి ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’, ‘ఇదే అసలు ఫైనల్’ అని పేర్లుండేవి. “వీళ్లలో పెళ్లికొడుకు ఎవరు?” అని అడిగేవాడు. ఆ తర్వాత ఎవరు చూసినా తెలిసే పేర్లు పెట్టడం నేర్చుకున్నాం. ఒక బొమ్మకి తగిలించిన ఫైళ్లన్నీ దాని పక్కనే, ఒకే ఫోల్డరులో ఉంచడం నేర్చుకున్నాం. తేలని సంగతి ఉంటే మనసులో దాచుకోకుండా, దాని కోసమే పెట్టిన ఎర్ర పొరలో, ఆ చోటు చుట్టూ గీత గీసి అక్కడే రాయడం నేర్చుకున్నాం.

శనివారం గది తెరిచాం. వాడి కుర్చీ దగ్గరికి ఎవరమూ వెళ్లలేకపోయాం. అందరి కళ్లూ నేలమీదే. చివరికి ఆ పొడుగాయనే గొంతు సవరించుకుని, “లేవండి అక్కయ్యగారూ” అన్నారు.

నేను లేచాను. వాడి కుర్చీలో కూర్చున్నాను. దణ్ణం పెట్టుకుని ఫైలు తెరిచాను.

అన్నీ ఉన్నాయి. ఏ పొర ఏదో తెలుస్తోంది. ఏ ఫైలూ తప్పిపోలేదు. ఎంతవరకు అయిందో, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలుస్తోంది. ఒక తలుపు దగ్గర మాత్రం ఎర్ర పొరలో రాసి ఉంది: ‘మంచం ఈ మలుపు తిరుగుతుందా? నర్సమ్మని అడగాలి.’

వెళ్లి అడిగాం. ఆ నర్సమ్మగారు ఇక్కడే ఉన్నారు, మీకు నమస్కారం తల్లీ. ఆవిడ మాటలతో సరిపెట్టలేదు. నేల మీద సుద్దతో తలుపు గీయించి, నిజం మంచాన్ని తోసి చూపించారు. తిరగలేదు. జానెడు చాల్లేదు. వచ్చి సరిచేయడానికి ఎంతసేపు పట్టిందనుకున్నారు? తమ్ముడు తలుపుని ఒక్కసారే గీసి, దాన్నే బ్లాకుగా చేసి వార్డంతా పెట్టాడు. ఒక్కదాన్ని వెడల్పు చేయగానే అన్ని తలుపులూ వెడల్పయ్యాయి. ఇక గోడలు ఆ మేరకు మేం జరిపాం. పొడుగాయన ఒక్కొక్క కొలతా చూశారు. అంకెలు ముట్టుకోలేదు, గోడలే జరిపారు! సోమవారం మధ్యాహ్నం ప్లాన్లు ఇచ్చేశాం. నిన్న సాయంత్రం కబురొచ్చింది. వార్డు కడుతున్నారు.

మరదలా, ఇటు చూడమ్మా. నీ భర్త సగంలో వెళ్లిపోయాడని నిన్ను ఎవరైనా ఓదారిస్తే ఒప్పుకోకు. వాడి పని సగంలో లేదు. మాస్టారు పోయినా పని ఆగలేదంటే కొందరికి మనసు కలుక్కుమంటుంది. నాకు గర్వంగా ఉంది. ఎందుకంటే వారం వారం టీ తాగించి మరీ వాడు మాచేత అలవాటు చేయించింది ఈ రోజునే. తను లేని రోజుని. ఏ తమ్ముడు, ఏ యజమాని, తను లేకపోయినా ఇబ్బంది పడకూడదని తనవాళ్లని ఇంత ప్రేమగా సిద్ధం చేస్తాడు?

ఇక మాటలు చాలు. అందరం ఒకసారి లేచి నిలబడదాం. దేవుణ్ణి నమ్మేవాళ్లు దేవుణ్ణి తలుచుకోండి, నమ్మనివాళ్లు వాణ్ణే తలుచుకోండి. కాసేపు మౌనంగా ఉందాం. ఒళ్లో పసిపిల్లలున్న తల్లులు బయటికి వెళ్లనక్కర్లేదు. ఏడిస్తే ఏడవనివ్వండి. ఆ వార్డు వాళ్లదే.