మీ తాతను మళ్ళా తిట్టిన రోజు

“అవ్వా, ఆపరేషన్ అయినాక నీకు మాట మళ్ళా ఎట్టా వచ్చింది?”

అదా, సుమా? సెప్తా, దగ్గిరికి జరుగు. ఇప్పటికీ నా మాట కొంచెం ముద్దముద్దగానే ఉంటాది, అర్థం కాకపోతే అడుగు.

నాలుక మీద పుండు మానలేదని తిరపతి ఆసుపత్రికి పోతే క్యాన్సరన్నారు గదా. నాలుక ఒక పక్క కోసేసి, తొడ కాడి కండ... కాదు కాదు, ముంజేతి కండ, ఇదో ఈ మచ్చ సూడు, దాన్ని తీసి ఆడ కుట్టినారు. రోగం పోయింది. నోరు మాత్రం నాది కానట్టే ఉన్నింది. ముక్కులో గొట్టం, దాంట్లోనే పాలు, గెంజి. మాట్లాడబోతే ఊ, ఆ, అంతే. నేనెట్టాటిదాన్నో మీ అమ్మనడుగు. నేను వాకిట్లో నిలబడి అరిస్తే పాకాల స్టేషన్లో రైలు కూత ఇనపడదనేవాళ్ళు. ఆ స్టేషన్ కాడే మా నాయన బొరుగుల అంగడి పెట్టినాడు, అప్పుడు పావలాకు ఒడి నిండా వచ్చేవి... ఏం సెప్తా ఉండా? ఆఁ, మాట.

మీ తాత పెండ్లయిన కాణ్ణుంచి నా తిట్లు తిన్న మనిషి. “ఇల్లు బోసిపోయిందే” అనేవాడు. నేను గోడ తట్టు తిరిగి ఏడ్సేదాన్ని. ఎందుకు బతికినానా అనిపించింది, నిజంగా.

అప్పుడు డాక్టరు హేమలత అనే పాప కాడికి పంపినాడు. స్పీచ్ థెరపిస్టంట. ఆ పాప ముందు మింగేది నేర్పింది. నీళ్ళు పలసన గదా, తప్పు దోవన ఊపిరితిత్తుల్లోకి పోతాయంట. అందుకని సిక్కటి రాగి జావ, స్పూనుతో, నోట్లో బాగుండే పక్కన పెట్టుకోని మింగమనింది. మెడ పక్కన గూడా కోసినారు గదా, బుజం పట్టేసింది; పక్క గదిలో ఫిజియోథెరపీ అబ్బాయి మెడా, బుజమూ కదిలించే కసరత్తు సేయించినాడు. జడేసుకునేదానికి నా సెయ్యి పైకి లేసిందంటే ఆ అబ్బాయి పుణ్యమే.

గొట్టం తీసేసినారు. మాటే మొండికేసింది. “ల” అనమంటే “య” వస్తాది. పండ్ల బొమ్మలు సూపించి అనమంటాది, నాకేమో ఇసుగు. ఒకనాడు బొమ్మలు పక్కనబెట్టి, “అవ్వా, ఇంట్లో నువ్వు ఎక్కువగా అనే మాటలేంటివి?” అని అడిగింది.

నేను నోరు తెరిసే లోపలే మీ తాత, “తిట్లు తల్లీ!” అన్నాడు.

ఆ పాప పకపకా నవ్వి, “అయితే అవే నేర్సుకుందాం” అనింది! ఇంక సూస్కో, అద్దం ముందర కూసోని “తలతిక్కలోడా, తలతిక్కలోడా” అని ఒకటే సాధన. ముందు “తయతిక్కయోడా” అనే వచ్చేది. మీ తాత పక్కనే కూసోని, “ఇంకొంచెం గట్టిగా” అనేవాడు.

ఒక పొద్దు ఆయన సంతనుంచి వంకాయలు తెచ్చినాడు. కోస్తే అన్నీ పుచ్చులే! నాకు ఒళ్ళు మండింది. “ఓ తలతిక్కలోడా! కండ్లు యాడ పెట్టుకోని తెచ్చినావు?” అనేసినా. ఎట్టా వచ్చిందో నాకే తెలీదు, తేటగా వచ్చింది.

మీ తాతకు కండ్లలో నీళ్ళు. ఎంటనే ఫోను తీసి, “హేమా, మా ఇంటామె నన్ను తిట్టింది తల్లీ, బాగా తిట్టింది!” అన్నాడు. ఫోను నా నోటి కాడ పెట్టి, “ఇంకోతూరి తిట్టు, పాప ఇంటాది” అంటాడు! నాకు నవ్వాగక మాటే రాలా. ఆ పక్క ఆ బిడ్డ నవ్వుతా ఉండాదో, ఏడస్తా ఉండాదో...

నువ్వూ హేమ సదివిన ఆ సదువే సదవాలని ఉండావంట గదా, మీ అమ్మ సెప్పింది. సదువు తల్లీ. మాయట్టాటోళ్ళు ఇసుక్కుంటాం, మీ కాడికి రామని మొండికేస్తాం. కోపం తెచ్చుకోవద్దు. నీ కడుపు సల్లగుండ, నూరేండ్లు నవ్వుతా బతుకు...