కంప్యూటరు గది గుమ్మంలో జోళ్లు

ఏటే శ్రుతీ, మీ అమ్మ సెప్పింది నిజమేనేటి? రాయపూర్ కంపెనీలో కంప్యూటరోళ్లందరి మీదా పెద్దవి నువ్వేనని తెలుసు గానీ, రేపట్నుంచి సేఠ్‌లు కూకునే మీటింగులో కూడా నీకు కుర్సీ ఏస్తారంట గదా! నా తల్లే, నా బంగారమే! మరి ముకం అలా మాడ్సుకున్నావేటి? ఏటీ? "నానమ్మా, వాళ్లు ధందా గురించి, వ్యాపారం గురించి అడుగుతారు, నాకు సిస్టమ్ తప్ప ఏమీ రాదు" అంటావా? ఆగు. ఆగాగు. ఓలమ్మో, ఒళ్లు జలదరించిందే నాకు! అచ్చం ఈ మాటే, అక్షరం తేడా నేదు, ఆ బాబు నోట్లోంచి ఇన్నాను నేను, ఈ రెండు సెవులతోటీ. ఎవరంటావేటి? వాసుదేవరావు బాబు. నీకు తెల్దులే, ఆయన పోయినప్పటికి నువ్వు పాలు తాగీ పిల్లవి. కూకో, సెప్తాను. ముందా టీ తాగు, సల్లారిపోద్ది.

మన భిలాయ్‌లోనే, జాముల్ దారిలో మా ఇటికల ఫ్యాక్టరీ ఉండీది. ఇల్లు కట్టీ ఇటికలు కావే పిచ్చిదానా, ఇనుము కరిగీ బట్టీల లోపల ఏస్తారు సూడు, ఎంత అగ్గి పెట్టినా కరగవు, అవి. మీ తాత పోయాక నాకక్కడ పనిచ్చారు. ఏ పనంటావ్? కంప్యూటరు గది తుడిసీ పని. నవ్వకు! అప్పట్లో ఆ గదంటే ఏటనుకున్నావు? సేఠ్‌జీ గదిలో పంకా, కంప్యూటరుకి ఏసీ. దుమ్ము పడితే మిసను పాడైపోద్దని జోళ్లు బయటిప్పీసి ఎల్లాల. గుమ్మంలో స్టూలేసుకుని కూకునీదాన్ని నేను. ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, "సాబ్, జూతా!" అన్నానంటే ఒంగి ఇప్పాల్సిందే. ఒకసారి ఓ సాబు గుర్రుమన్నాడు, "మైఁ కౌన్ హూఁ, పతా హై?" అని. "ఎవరైతే నాకేటి, మేజోళ్లతో రా" అన్నాను తెలుగులోనే. ఇప్పాడు! ఇంక ఇటికలు సేసీవోళ్లూ, లారీలకెత్తీవోళ్లూ ఉన్నారు సూడు, ఆళ్లవి ఇంతింత సేఫ్టీ బూట్లు. ఆ లేసులిప్పడం ఒక యాతన, ఇప్పితే ఆ సెమట వాసనకి ఆళ్లకే సిగ్గు. అందుకని కిటికీ అద్దంలోంచి ఓ సూపు సూసి, దండం ఎట్టుకుని ఎలిపోయీవోళ్లు. నా గది అద్దంలా మెరిసిపోయీది తల్లీ.

ఆ గదికి పెద్ద మన వాసుదేవరావు బాబు. విజయనగరం మనిషి, బాగా సదువుకున్నాడు, సన్నగా, తెల్ల సొక్కా, మాట మెత్తన. కోహ్కాలో మన ఈధి ఎనకాలే ఇల్లు. ఆవిడ పేరు కనకలతమ్మ. ఆ బాబుకి మిసనంటే పేణం. నెలాకరికి బారెడు కాయితాలు తీసీవోడు, ఎన్ని టన్నుల ఇటికలు సేసాం, ఎన్ని టన్నులు పంపాం అని. అందులో అంతా బాగున్నట్టే ఉండీది. అంతా బాగుంటే మరి కొనీవోడు కొనడం మానేస్తాడేటే? మానేసాడు! ఒరిస్సా కాడ ఓ పెద్ద స్టీలోళ్లు ఉండీవోళ్లు, మా సరుకులో సగం ఆళ్లకే. ఉన్నపళంగా, వద్దు పొమ్మన్నారు. ఫ్యాక్టరీలో ఒకటే గుసగుసలు, విశ్వకర్మ పూజ ఎల్లగానే పెద్ద బట్టీ ఆర్పీస్తారంట అని. బట్టీ ఆరిపోతే ఇంకేటుంది, ఠేకేదారు మనుసుల్ని, అదే కాంట్రాక్టు కూలీల్ని, మర్నాడే గేటు బయటికి తోసీసీవోళ్లు. నన్నూ తోసీసీవోళ్లే. మీ నాన్నకప్పుడు సరైన పనైనా దొరకనేదు.

అప్పుడెట్టారు మీటింగు. టీలిచ్చీ మనోజ్‌కుమార్ ఆ రోజు రానేదని ట్రే నా సేతిలో ఎట్టీసారు. నేను అలా ఎల్లీసరికి మన బాబు నిలబడి కొత్త కంప్యూటరు కావాలని సెప్తన్నాడు, ఇది పాతదైపోనాది, కొత్తది ఇంకా బేగా లెక్కలు తీస్తాది అని. ముసిలి సేఠ్‌జీ కళ్లు మూసుకుని ఇన్నాడు. అంతా ఇని, మెల్లగా అడిగాడు, "వాసుదేవ్ బాబూ, ఒరిస్సావాలే హమ్‌సే ఈంట్ క్యోఁ నహీఁ లే రహే?" అని. మన దగ్గర ఇటికలెందుకు కొనట్లేదూ అని. ఈయనేమన్నాడు? "సార్, అది సేల్స్ వాళ్లు చెప్పాలి. నాకు సిస్టమ్ తప్ప ఏమీ రాదు." అంతే! సేఠ్‌జీ కళ్లు తెరిసాడు. కోప్పడనేదు. కోప్పడితే బాగుండీది. "తో ఫిర్ ఆప్ మశీన్ కే పుజారీ హైఁ," అన్నాడు, "గంట కొట్టుకోండి, హారతివ్వండి, ధందా సంగతి మేం సూసుకుంటాం." ఆ అమ్మకాల రవికాంత్‌గాడు, ఆ, గాడే, ఆఫీసరైతే ఏటి, కిసుక్కున నవ్వాడు. మన ఊరోడే గదా, నలుగురిలో అలా అనీసరికి నాకే ఎవరో సెంప మీద కొట్టినట్టయింది.

బాబు తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికెల్లడు. కింద ఇడిసున్న జోళ్లకేసే సూత్తన్నాడు. "అప్పలనర్సమ్మా, ఇవెవరివి?" అన్నాడు. "మనోళ్లవే బాబూ, మన గదిలో పనిసేసీవోళ్లవి." "ఇటికలు చేసేవాడి బూట్లు ఎప్పుడైనా ఇక్కడ చూశావా? లోడింగు వాడివి?" "రామ రామ! నేనుండగా రానిస్తానేటి బాబూ!" అన్నాను, మెచ్చుకుంటాడని. ఆ మొకం సూడాల్సింది తల్లీ. నెత్తురు సుక్క నేదు. గుమ్మంలోంచే ఎనక్కి తిరిగి ఎలిపోనాడు.

మర్నాడు డ్యూటీకి రానేదు. ఆ మర్నాడూ నేదు. కనకలతమ్మ మా ఇంటికి పరిగెత్తుకొచ్చింది, "నర్సమ్మా, మీ సారు లారీ ఎక్కి వెళ్లిపోయారు! ఒరిస్సా వెళ్తున్నానని చెప్పి, పాత ఆర్డరులో మిగిలిన ఇటికల లారీ! రైలుంది, కంపెనీ జీపుంది, ఈయనకిదేం ఖర్మ?" అని. నేను నోరెల్లబెట్టీసాను. ఆఫీసరు! తెల్లసొక్కా మనిషి! ఇటికల మీద కూకుని! మతి సలించిందనుకున్నాం తల్లీ, నిజంగానే. దుర్గ్‌లో మంచి డాక్టరెవరని కూడా అడిగించాను.

అంతలో విశ్వకర్మ పూజ వచ్చీసింది. భిలాయ్‌లో ఆ రోజంటే నీకు సెప్పాలేటి. గేట్లన్నీ తెరిసీసి, పెళ్లాంపిల్లల్తో వచ్చి సూసీవోళ్లు. నా గది నేను ఎలా ముస్తాబు సేసాననుకున్నావు! గుమ్మంలో ముగ్గు, మిసనుకి బంతిపూల దండ, బొట్టు, ముందర కొబ్బరికాయ. సేఠ్‌జీ మేజోళ్లతో లోపల నిలబడ్డాడు, పంతులు మంత్రం సదువుతున్నాడు. ఎనకనుంచి టక్ టక్ మని సప్పుడు. తిరిగి సూద్దును గదా, వాసుదేవరావు బాబు! గడ్డం మాసిపోనాది, సొక్కా ఎర్రమట్టి, కాళ్లకి సేఫ్టీ బూట్లు! "బాబూ, జోళ్లు!" అని అరిసాను. ఆగనేదే! నా ముగ్గు తొక్కుకుంటూ, ఆ మట్టి బూట్లతోటే, తిన్నగా లోపలికెలిపోనాడు! ఓలమ్మో! పంతులు మంత్రం ఆగిపోనాది. దేవుడి గదిలో బూట్లేటి, మా అందరికీ ఏటవుద్దో అని నేను లెంపలేసుకున్నాను.

రవికాంత్ ఎగిరాడు, "యే క్యా బద్‌తమీజీ హై!" అని, ఇదేం పొగరని. సేఠ్‌జీ సెయ్యెత్తాడు, ఉండమని. అప్పుడు బాబు సెప్పాడు తల్లీ, హిందీలో సెప్పాడు, నాకర్థమయినట్టు సెప్తాను. "సేఠ్‌జీ, ఆరోజు మీరడిగారు. ఇప్పుడు చెప్తాను. వాళ్ల ఫర్నేసు ఆపి, చల్లార్చి, లోపలికి దిగి మేస్త్రీలు ఇటికలు పేరుస్తారు. అడుగు వరస ముందు, పైకప్పు ఆఖర్న. మనం ఏ ఇటిక కాలితే అది లారీకెత్తి పంపించేస్తాం. పైకప్పు ముందొస్తుంది, అడుగు వరస వారం తరవాతొస్తుంది. అంతవరకూ వాళ్ల ఫర్నేసు చల్లగా పడుంటుంది, వాళ్ల కొంప మునుగుతుంది. నేను అందులోకి దిగి చూశాను. నా కాగితాల్లో మాత్రం టన్నులన్నీ సరిగ్గానే ఉన్నాయి." సూసావా? పెళ్లి భోజనాలకి ముందు కిళ్లీలిచ్చి, అన్నం మర్నాడొడ్డించినట్టు! అక్కడ ఆళ్ల ఇంజినీరు మొకం మీదే తిట్టాడంట. "మనం ఇటికలమ్ముతున్నామనుకుంటున్నాం సేఠ్‌జీ. వాళ్లకి కావలసింది ఇటిక కాదు, అన్న రోజుకి ఫర్నేసు మళ్లీ వెలగడం. అది అమ్ముదాం."

సేఠ్‌జీ అడిగాడు, "అయితే కొత్త కంప్యూటరు కావాలా?" అని. మేం అందరం ఔనంటాడనుకున్నాం. "వద్దు," అన్నాడు! ఎన్నాళ్లనుంచో పడిసచ్చిన మిసనే, వద్దన్నాడు! "ఈ గదే వద్దు. మూసెయ్యండి. ఈ పాత మిషనే తీసుకెళ్లి లోడింగు షెడ్డులో పెట్టండి. ఏ లారీలో ఏ వరస వెళ్లాలో అక్కడ చెప్తుంది." ఆయన కింద పనిసేసీ కుర్రోళ్లు ఏడుపుమొకాలెట్టీసారు, గురూజీ మా నోట్లో మట్టి కొట్టీసాడని. నేనైతే పైకే అనీసాను, "నా గది మూసీమని సెప్పడానికి నీకు నోరెలా వచ్చింది బాబూ?" అని. సేఠ్‌జీ గుమ్మంలో ఇప్పిన తన బూట్లు లోపలికి తెమ్మన్నాడు. ఒంగి, అక్కడే, ఆ మిసను ముందర, తొడుక్కున్నాడు. తొడుక్కుని, "చలియే, షెడ్ దిఖాయియే," అన్నాడు, పద, షెడ్డు సూపించమని.

ఆరనేదు తల్లీ, పెద్ద బట్టీ ఆరనేదు. ఒరిస్సావోళ్లు కొన్నాళ్లకి మళ్లీ వచ్చారు. మిసను షెడ్డులో ఓ రేకుల గదిలో ఎట్టారు, దుమ్ము మీద గుడ్డ కప్పీవోళ్లు, పాడవనేదు, సూడు మరి! నన్నూ అక్కడికే ఏసారు. పోగా పోగా సేఠ్‌జీ మొత్తం ఫ్యాక్టరీ బాబు సేతిలో ఎట్టాడు. రవికాంత్ ఏమనీవోడో తెలుసా, మూతి ఇలా తిప్పుకుని, "కంప్యూటర్‌వాలా కంపెనీ చలాయేగా?" నడిపించాడు నాయనా, బాగానే నడిపించాడు. లారీవోడితో, మేస్త్రీతో, బేంకోడితో, ఎవడితోనైనా కూకునీవోడు. సెప్పడం తక్కువ, అడగడం ఎక్కువ.

కానీ అసలు సెప్పాల్సింది అది కాదే. కొన్నేళ్లెల్లాయి. నాకు జీతం కాగితం మీద సంతకం కావాల్సొచ్చి మేడ మీద ఆయన గదికెల్లాను. ఎల్తే ఏటుంది? గుమ్మం ముందర వరసగా బూట్లు! ఇప్పమని ఎవరూ సెప్పనేదు, ఎవరూ రాయనేదు, బోర్డు నేదు. మనోజ్‌కుమార్‌ని అడిగితే, "బడే సాబ్ హైఁ నా, ఇజ్జత్ దేతే హైఁ," అంటాడు. గౌరవమంట! నాకు దిమ్మ తిరిగిపోనాది. సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని బాబు బయటికొచ్చాడు. ఆ బూట్లు సూసాడు. తల్లీ, పాముని తొక్కినోడిలా అయిపోనాడు. "ఎన్నాళ్లనుంచి?" అన్నాడు. అందరూ తలొంచుకుని తమ మేజోళ్లకేసి సూసుకుంటన్నారు. "ఎన్నాళ్లనుంచి నాకెవరూ ఏమీ చెప్పటం లేదు?" అన్నాడు. ఒంగి, ఆ మట్టి బూట్లు రెండు సేతుల్తో ఎత్తి, లోపలికి పట్టుకెల్లి తన బల్ల మీద ఎట్టీసాడు! కాయితాల మీద! లచ్మీదేవి పటం ముందు! "ఎవరివి వాళ్లు తొడుక్కోండి. తొడుక్కున్నాకే మాట్లాడండి," అని. ఆ రోజంతా ఒకడి తరవాత ఒకడు సెప్తానే ఉన్నారంట, ఇటికలు పగులుతున్నాయనీ, మన్ను మారిందనీ, ఎన్నో. అందరికీ తెలుసు, ఆయనకి తప్ప.

ఆ సలికాలమే పోనాడు. పొద్దున్న స్నానానికని లేసి, నూతికాడ కూలబడిపోనాడు. గుండె. నాకు మాట తెలిసి పరిగెత్తాను. వరండాలో పడుకోబెట్టారు. అంతలో ఫస్టు షిఫ్టు మనుసులు తిన్నగా వచ్చీసారు, ఈధి పొడుగునా, అందరికీ సేఫ్టీ బూట్లు. గేటు కాడికొచ్చి ఒక్కొక్కడూ ఒంగి లేసులిప్పుతున్నారు. సావింటికి జోళ్లతో ఎవడొస్తాడు? నేను గేటు కాడే ఉన్నాను, పాత అలవాటు, ఒకడు మరిసిపోయి బూట్లతోటే గుమ్మమెక్కబోతంటే నోరు తెరిసీసాను, "జూతా!" అందామని. లోపల్నుంచి కనకలతమ్మ వచ్చింది. జుట్టు ఇరబోసుకుని, కళ్లు ఎర్రగా. "విప్పొద్దు బాబూ," అంది. "ఎవరూ విప్పొద్దు. విప్పితే ఆయనకి మీరొచ్చినట్టు తెలీదు."

అందరూ బూట్లతోటే ఎల్లారు తల్లీ. ఆ సప్పుడు... టక్ టక్ మని, ఆ వరండాలో, ఆయన కాళ్ల దాకా...

...

టీ సల్లారిపోనాదా? ఇలా తే, ఎచ్చబెడతాను.