వేసవి ఆకాశంలో లేని పిల్లలకోడి

సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్లానెటేరియం డైరెక్టర్ గారికి, ఈ గుమ్మటం కింద ఇవాళే మొదటిసారి అడుగుపెట్టానని నిజాయితీగా ఒప్పుకున్న ముఖ్య అతిథి గారికి, నాకంటే ముందు రిటైరై ఇప్పుడు నన్ను చూసి జాలిపడుతున్న పెద్దలకు, టికెట్ కౌంటర్ మిత్రులకు, మూడో వరుసలో అప్పుడే కళ్లు మూసేసిన మా ఆయనకు నమస్కారం. (నవ్వులు) ఆయన్నేమీ అనకండి, ఈ కుర్చీలే అలాంటివి. ఆకాశం చూడ్డానికని వెనక్కి వాలేలా చేసిన కుర్చీల్లో మిమ్మల్ని కూర్చోబెట్టి వీడ్కోలు సభ పెట్టారు కాబట్టి, పాపం మీరంతా పైకప్పుకేసి చూస్తూ నా మాటలు వింటున్నారు. ముప్పై ఏళ్లుగా నాకదే అలవాటు, ఇబ్బందేమీ లేదు.

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లు నన్ను చాలా పొగిడారు. నేను ఓర్పుకు మారుపేరట! అది విని మా ఆయన కూడా ఓసారి కళ్లు తెరిచారు. (నవ్వులు) డైరెక్టర్ గారైతే "మేడం వెళ్లిపోతున్నా ఆవిడ గొంతు ఈ గుమ్మటంలో ఎప్పటికీ మోగుతూనే ఉంటుంది" అన్నారు. మీరంతా చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. చల్లకొచ్చి ముంత దాచడమెందుకు, ఎందుకు మండిందో చెప్పే వెళతాను.

మా పని సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కాలాన్ని బట్టి ఆకాశం మారుతుంది, ఆకాశాన్ని బట్టి మా షో మారేది. చలికాలానికి ఒకటి, వేసవికి ఒకటి, వానాకాలానికి ఒకటి. బయట మబ్బు పట్టి ఒక్క చుక్కా కనబడని వానాకాలంలోనే మాకు జనం ఎక్కువ. తడిసిన గొడుగులు గుమ్మం దగ్గర గుట్టపడేవి. దీపాలార్పాక నేను కాసేపు మాట్లాడేదాన్ని కాదు. కళ్లు చీకటికి అలవాటు పడాలి కదా. ఆ నిశ్శబ్దంలో ఎవరో దగ్గడం, ఎవరి బిడ్డో "అమ్మా, కరెంటు పోయిందా?" అనడం, ఆ తర్వాత మా ఆపరేటర్ గారు మెల్లమెల్లగా చుక్కల్ని వెలిగిస్తుంటే హాలంతా "అబ్బ!" అనడం, నేను ఈ ఉద్యోగం చేసింది అందుకే. చివర్లో ఎప్పుడూ ఒకే మాట చెప్పేదాన్ని: "ఇప్పుడు బయటికెళ్లి తలెత్తి చూడండి, మబ్బు చాటునైనా సరే, ఇక్కడ చూసిందే అక్కడా ఉంటుంది."

డైరెక్టర్ గారు వస్తూనే ఆ మౌనం దండగన్నారు. అంత సేపట్లో ఒక ప్రకటన పట్టేస్తుందన్నారు, పట్టించారు కూడా. పరుపుల ప్రకటన. (నవ్వులు) వెనక్కి వాలి పడుకున్నవాళ్లకి పరుపులు అమ్మడం తెలివైన పనే, కాదనను. తర్వాత మనిషి మాట్లాడ్డం కూడా దండగే అన్నారు. నా చలికాలం షో రికార్డు చేయించారు. వేసవిది, వానాకాలానిది వచ్చే నెల చేద్దామన్నారు. ఆ నెల ఇంకా రాలేదండీ. షోల ప్రకటన కోసమని చెప్పి "వేసవి సాయంత్రం", "వానాకాలపు సాయంత్రం" అని రెండు మాటలు మాత్రం నాచేత విడిగా అనిపించుకున్నారు. వాటిని తీసుకెళ్లి చలికాలం షోలోనే అతికించేశారు! ఏడాది పొడుగునా ఒకటే ఆకాశం, పేర్లు మాత్రం మూడు.

ఈ వేసవంతా నా గొంతు ఏం చెప్పిందో తెలుసా? "ఈ వేసవి సాయంత్రం బయటికెళ్లి నడినెత్తిన చూడండి, కృత్తికలు, మన పెద్దవాళ్లు పిల్లలకోడి అనేవారు, ఆ చుక్కల గుంపు కనిపిస్తుంది" అని. వేసవి సాయంత్రం పిల్లలకోడి ఎక్కడుంటుందండీ? సూర్యుడితో పాటే దిగిపోతుంది. కోడి కాదు కదా, దాని ఈక కూడా కనబడదు. (నవ్వులు)

ఇది తప్పు సార్ అని వెళ్లి చెబితే, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు మేడం? షో అయ్యాక ఆకాశంలోకి ఎవరు చూస్తారు? స్కూటర్ ఎక్కడ పెట్టామా అని చూస్తారు" అన్నారు.

నవ్వకండి. చూసినవాళ్లున్నారు. పోయిన నెల ఒక బస్సు డ్రైవరు గారు కూతుర్ని వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చారు. "అమ్మా, లోపల ఆ గొంతు మీదే కదా? మా పిల్లకి మీరు చెప్పిన చుక్కలు కనబడ్డం లేదండి. రోజూ మేడెక్కించి చూపిస్తున్నా. నాకైతే వయసైపోయింది, దీనికేమొచ్చిందని కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లా. ఆయన కళ్లు బాగానే ఉన్నాయంటాడు. ఇంకో డాక్టరుకి చూపించమంటారా?" అని అడిగారు. ఆ పిల్ల తప్పు తనదే అన్నట్టు నేలచూపులు చూస్తూ నిలబడింది. "నీ కళ్లకేమీ కాలేదు తల్లీ, అక్కడ చుక్కల్లేవు, నా గొంతు చెప్పింది అబద్ధం" అన్నాను. నమ్మలేదు. "మీరే చెప్పారుగా" అంది.



నాకు ఏడుపొచ్చింది, ఇంటికెళ్లి ఏడ్చాను కూడా. పిల్లలకి వాళ్ల కళ్ల మీదే నమ్మకం పోగొట్టే చోటికి విజ్ఞాన కేంద్రమని బోర్డు దేనికండీ?

డైరెక్టర్ గారూ, మీరిచ్చిన జ్ఞాపిక బాగుంది, పూలగుచ్ఛం ఇంకా బాగుంది. నేనడిగేది ఒక్కటే. ఏ కాలానికి ఆ కాలం ఆకాశం చూపించండి, లేదంటే ఆ షోలోంచి నా గొంతు తీసేయించండి. ఇక్కడే, ఇంతమంది ముందు మాటివ్వండి. మీరు జవాబు చెప్పేదాకా ఆగుతాను.



వాచీ చూసుకుంటున్నారు. ఆయన్ని చూసి ముఖ్య అతిథి గారూ చూసుకుంటున్నారు. సరే.

అయితే నా మాట నేనే ఇస్తాను. రేపటి నుంచి నాకు సాయంత్రాలు ఖాళీ. షో వదిలే వేళకి బయట మెట్ల పక్కన, రోడ్డు మీద నిలబడతాను. రోడ్డు మీ ఆఫీసు కిందికి రాదనుకుంటా. లోపల ఆ మాటలు విని బయటికొచ్చి తలెత్తిన ప్రతి బిడ్డకీ ఆ గొంతు నాదేననీ, అది అబద్ధం చెప్పిందనీ అదే గొంతుతో చెబుతాను. చెప్పి, ఆ వేళకి నిజంగా ఏ చుక్క ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తాను.

ఇన్నేళ్లూ నన్ను నమ్మి ఆకాశంలోకి చూసిన వారందరికీ కృతజ్ఞతలు. ఈ వేసవిలో నమ్మినవాళ్లు మాత్రం నన్ను క్షమించాలి. మీ కళ్లకేమీ కాలేదు. సెలవు.