ఎడమచేతి వాటం

పాత తుపాకులు బాగుచేసే కొట్లో, ఆమె తెచ్చిన తుపాకీని ముసలాయన వెలుగులో తిప్పి తిప్పి చూశాడు.

“శత్రువును చంపి తెచ్చానని నాన్న గొప్పగా చెప్పుకునేవాడు.”

“ఇది మన సైన్యం తుపాకీయేనమ్మా. గుండు ఎక్కించడానికి లాగే పిడి మాత్రం ఎడంవైపు పెట్టారు. ఎవరో ఎడమచేతి సిపాయి కోసం ప్రత్యేకంగా మార్చినట్టుంది. నా సైన్యం సర్వీసులో ఇలాంటిది చూళ్ళేదు. మీ నాన్నగారిది ఆ వాటమేనా?”



“కాదు. మా బాబాయిది. ఇద్దరిదీ సైన్యంలో ఒకే దళం. బాబాయి పిరికితనంతో పారిపోయాడని నాన్నే వచ్చి చెప్పాడు. పరువు పోయిందని నానమ్మ కన్నుమూసేదాకా ఇంట్లో ఆ పేరు ఎత్తనివ్వలేదు.”

“పారిపోయేవాడు తుపాకీ అన్న చేతికిచ్చి పోతాడా అమ్మా?”

“చంపి తెచ్చానన్నాడుగా. మా నాన్న అదొక్కటే నిజం చెప్పాడు.”