చేతి మీద పేరు

తడలో ఒక కంపెనీకి ఉద్యోగం అడగడానికి పోతూ, సూళ్లూరుపేట స్టేషన్లో రైలు కోసం కూర్చున్న కొడుకు చేతికి తల్లి పౌడరు పూస్తోంది. మధ్యమధ్యలో లేచి పట్టాల వైపు చూసొచ్చి మళ్లీ కూర్చుంటోంది.

"ఎంత పూసినా పచ్చబొట్టు కనపడతానే ఉందిమా."

"కదలబాక. చొక్కా చెయ్యి కిందకి లాక్కో."

"వేళ్లదాకా పొడిపిస్తే చొక్కా ఏం మూస్తాది? పోయిన రెండు కంపెనీల్లోనూ ఇది చూసే వద్దన్నారు. గేటుకాడ నిలబడే పనికి రౌడీ మాదిరి ఉండానంట. పేరూ ఊరూ ఇంత లావున ఎందుకు పొడిపించినావు?"

"మీ నాయన్ని సముద్రం ఒడ్డుకేసిన రోజు ఎవురూ మొఖం ఆనవాలు పట్టలేకపోయినారు. మొలతాడు చూసి నేను పట్టినా. అందుకే నువ్వు మొదటిసారి చేపల వేటకి పోయే ముందర పొడిపించినా. తప్పా?"

"తప్పనలేదుమా. నెల్లూర్లో మిషనుతో చెరిపేస్తారంట."

"చెరిపించుకో. ఉద్యోగమొస్తే ఇంక పడవెక్కే పని లేదు గదా."

"చెరిపించుకున్నాక కూడా రాకపోతే?"

"రాకపోతే ఏముంది..."

"మళ్లా వేటకే గదమా పోవాల. పేరు లేని ఉత్త చేత్తో."

ఆమె చెయ్యి ఆగిపోయింది. దూరంగా రైలు కూత వినిపించింది. పౌడరు డబ్బా మూతపెట్టి, కొడుకు పేరు మళ్లీ పచ్చగా తేలేదాకా కొంగుతో గట్టిగా తుడిచింది.

"ఈ రైలు పోతే పోనీ. ఇక్కడే రొయ్యల కంపెనీలో అందరూ గ్లౌజులేసుకునే పని చేస్తారంట. అక్కడికి పోదాం పద. పేరడిగితే నోటితో చెప్పు."